ధోళ్యా దాటిన వాగు

దాటుడు పండుగ మంగళవారం అనగా శుక్రవారం పొద్దున, ధోళ్యా మెడ కింద లాలి చేతికి గడ్డ తగిలింది.

మొదట పిడుదు అనుకుంది. అడవి నుంచి దిగివచ్చిన పశువుకు పిడుదులు ఉండడం వింతేమీ కాదు. గోటితో గిల్లి లాగబోయింది. ఊడిరాలేదు. అది చర్మం మీద లేదు, లోపల ఉంది, రేగ్గాయంత, గట్టిగా. వేళ్ళు కిందికి జరిపింది. గంగడోలు మడతలో ఇంకొకటి, ముందుకాలి చంక దగ్గర మరొకటి. ధోళ్యా తల తిప్పి ఆమె వంక చూశాడు. కళ్ళలోంచి నీరు కారుతోంది. వేసిన గడ్డి వేసినట్టే ఉంది. లాలి చుట్టూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, దోసెడు పసుపు నీళ్ళు ఆ గడ్డల మీద పోసి కొంగుతో అద్దింది. పసుపు గడ్డలను కప్పుతుంది గాని కరిగించదని ఆమెకూ తెలుసు.

ధోళ్యా అంటే తండా మాటలో తెల్లవాడు. ఎద్దే, కాని కాడి మెడన వేసుకున్న ఎద్దు కాదు. లాలి మొగుడు దేవ్లా ఇంట్లో తాతల నాటి నుంచి ఒక కోడెదూడను దేవుడికి వదిలేసే ఆచారం ఉంది. దానికి ముక్కుతాడు వేయరు, బరువు ఎత్తరు, కర్రతో అదిలించరు. మెడలో గంటతో మందకు ముందు నడవడమే దాని పని. అది ఆగినచోట మంద ఆగుతుంది, అది పడుకున్నచోట కాపరి గొంగడి పరుస్తాడు. పని చేయకుండా గౌరవం పొందేవాళ్ళు మనుషుల్లో మాత్రం లేరా? కాని ధోళ్యా అంత మర్యాదగా పొందినవాళ్ళు తక్కువ. పుట్టిన వారానికే తల్లి పాముకాటుకు పోతే, లాలి మేకపాలు సీసాలో పోసి పెంచింది. కొడుకు లాలు ఇప్పటికీ తల్లిని దెప్పుతుంటాడు, “నాకంటె వానికే ఎక్కువ పాలు వోసినవ్ యాడీ” అని. లాలు సత్తుపల్లి బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు.

తండాలో మంద అనేది మిగిలింది ఆ ఒక్క ఇంట్లోనే. మిగతావాళ్ళు పత్తికి పోయారు, మిర్చికి పోయారు, ఆటోలు కొన్నారు, మొన్నమొన్న పామాయిల్ మొక్కలు పెట్టారు. ఇంటికొక ఆవు ఉంటే ఉంది, లేకపోతే పాల ప్యాకెట్ ఉంది. దేవ్లా మాత్రం ఎండాకాలం రాగానే మందను తోలుకుని భద్రాచలం బ్రిడ్జి దాటి చర్ల అడవికి పోతాడు, లాలి వెంట నడుస్తుంది. బ్రిడ్జి మీద వెనక లారీలు హారన్ కొడుతుంటే ధోళ్యా పెళ్ళికొడుకులా నడుస్తాడు. పర్ణశాలకు పోయే యాత్రికులు కార్లు ఆపి, వాడికి అరటిపండ్లు పెట్టి, సెల్ఫీలు దిగుతారు. దేవ్లా ఎర్ర పాగా సర్దుకుని పక్కన నిలబడతాడు. అడవి మొదట్లో పోలీసు క్యాంపు దగ్గర ఆధార్ కార్డులు చూపించాలి. ఆవుల చెవులకు పసుపుపచ్చ నెంబరు బిళ్ళలు వేసినప్పటి నుంచి దేవ్లా అక్కడ ఒకే మాట అంటాడు, “గొడ్లకు గుడ ఆధార్ వచ్చింది సారూ, మా ధోళ్యాకు తప్ప.” దేవుడి ఎద్దు చెవికి బెజ్జం పెట్టనీయలేదు మరి.

అసలు గొడవంతా ఆ అడవిలోనే మొదలైంది. అక్కడ దూలయ్య అని ఒక కోయ రైతు ఉన్నాడు. అతని తండ్రి, దేవ్లా తండ్రి అన్నదమ్ముల్లా బతికారు. లంబాడీలు మందతో రాగానే దూలయ్య ఇంటికి నెయ్యి ఇస్తారు. వానలు పడి మంద తిరిగి వెళ్ళేరోజు దూలయ్య ఇంటివాళ్ళు ఆ ఏడు పుట్టిన దూడ ఒకటి ఇస్తారు. ఇవ్వకపోయినా, పుచ్చుకోకపోయినా పొత్తు తెగినట్టే. ఇన్నేళ్ళుగా తెగలేదు.

ఈసారి దూలయ్యే అడ్డం పడ్డాడు. “అన్నా, ఈ ఏడు దూడను తోల్కపోకు. మా గూడెంల గొడ్లకు ఒళ్ళంత బుడిపెలు లేస్తున్నయ్. రెండు సచ్చినయ్ గుడ. మంచిగైనంక నేనే తెచ్చిస్త” అన్నాడు.

దేవ్లా మొహం నల్లబడింది. “మా అయ్య ఎన్నడన్న వద్దన్నడా? నేనంటనా?” అని దూడ మెడలో తాడు వేశాడు. దూలయ్య మంచికి చెప్పాడని తెలిసీ వేశాడు. పౌరుషం ముందు పుట్టి మగవాడు తర్వాత పుట్టాడంటారు, అబద్ధం కాదు. గోదావరి దాటిన రెండో మజిలీకే ఆ దూడ ఒంటినిండా గడ్డలతో, నోట నురగతో చచ్చిపోయింది. దేవ్లా దాన్ని ఇసుకలో పాతి, చేతులు కడుక్కుని, “కడుపు చించుకుంటే కాళ్ళ మీదనే పడ్తది. తండాల నోరిప్పకు” అన్నాడు. లాలి ఇప్పలేదు. దూడ చిన్నది, దూలయ్య దగ్గరే వదిలేశామని తండాలో చెప్పుకున్నారు. ఆ దూడ దారి పొడుగునా ధోళ్యా నీడన నడిచిందన్న సంగతి ఇద్దరూ ఒకరితో ఒకరు కూడా అనుకోలేదు.

ఇక ఈ మంగళవారం పండుగ సంగతి. ఆషాఢంలో, తండా పొలిమేరలో వేపచెట్టు కింద ఏడు రాళ్ళకు సున్నం, జాజు పూస్తారు. అవి సీత్లా అమ్మ, ఆమె అక్కచెల్లెళ్ళు. మనుషులకైనా గొడ్లకైనా ఒంటి మీద పొక్కులు లేపేదీ, తగ్గించేదీ ఆ అమ్మే. మేకను బలిచ్చి, దాని పేగును దారికి అడ్డంగా పరుస్తారు. పశువులన్నీ దాని మీదుగా దాటితే ఆ ఏడాది అమ్మ కాపాడుతుంది. దేవ్లా తండా నాయక్. ముందు ధోళ్యా దాటాలి, వాడి వెనక దేవ్లా మంద, మంద వెనక చుట్టుపక్కల ఊళ్ళ గొడ్లు, ఒకదాని మీద ఒకటి పడుతూ. దూరపు తండాలవాళ్ళు ట్రాలీ ఆటోల్లో ఆవుల్ని ఎక్కించుకు వస్తారు. పక్క గూడెం జంపక్క కోయామె అయినా ఏటా తన ఒక్కగానొక్క ఆవును నడిపించుకు వస్తుంది. మొగుడు లేని జంపక్కకు ఆ ఆవు పాలు హోటల్‌కు పోస్తేనే పొయ్యి వెలుగుతుంది. దాని మెడలో పగిలిన గంట ఒకటుంది, డబ్బా కొట్టినట్టు మోగుతుంది.

పండుగ వద్దని ముందే చెప్పినవాళ్ళు లేకపోలేదు. భవాని అని తండా పిల్లే, పశువుల డాక్టర్ కింద గోపాలమిత్రగా ఊరూరా తిరిగి గొడ్లకు సూదులు వేస్తుంది. టీకాల ఐసు డబ్బా స్కూటీ మీద పెట్టుకుని గురువారమే వచ్చింది.

“కాకా, పండుగ చేసుకోండ్రి, ఎవలొద్దన్నరు? గొడ్లను ఒక్కకాడికి మాత్రం తేవొద్దు. లంపి రోగం తిరుగుతుంది. ఎవల దొడ్ల వాళ్ళు దాటిచ్చుకోండ్రి” అంది.

“దొడ్ల దాటిస్తే దాటుడు ఎట్లైతది? చెంబుల మునిగి గోదారి స్నానం అన్నట్టు.”

“మందకు టీకాలన్న ఎయ్యనియ్యి. మంచిగున్న గొడ్డుకే ఎయ్యాలె, రోగం తగిలినంక ఏస్తె లాభం లేదు.”

“అమ్మ పండుగ ముంగట గొడ్డుకు సూది గుచ్చుతరా? అమ్మకు కోపమొస్తే నీ డాక్టర్ అడ్డమొస్తడా?” అని దేవ్లా దొడ్డి తడిక ముందు నిలబడ్డాడు. భవాని తిరిగి వాదించలేదు. పెద్దవాళ్ళ ముందు గొంతు లేపే పిల్ల కాదు. పోతూ పోతూ లాలి మొహం వైపు ఒక చూపు చూసి పోయింది. ఆ చూపు లాలికి ముల్లులా గుచ్చుకుంది.

మరుసటి రోజే ధోళ్యా మెడ కింద గడ్డ.

శుక్రవారమంతా లాలి మింగలేక కక్కలేక తిరిగింది. మొగుడితో చెప్పవచ్చు. చెబితే ఏమవుతుందో ఆమెకు అరచేతిలో గీతల్లా తెలుసు. అమ్మే ధోళ్యా మీదికి వచ్చింది, ఇంతకన్న భాగ్యమేముంది అంటాడు. వాడికి బొట్టు పెట్టి, వేపమండలు కట్టి, అందరికన్నా ముందు నడిపిస్తాడు. పండుగ ఆపాలంటే దూడ సంగతి చెప్పాలి, అది చెప్పడం కన్నా ఆయనకు ప్రాణం పోవడం తేలిక. భవానికి చెప్పవచ్చు. చెబితే నాయక్ పెళ్ళామే నాయక్‌ను బజార్లో నిలబెట్టినట్టవుతుంది. చెప్పకపోతే వాడు దాటుతాడు. వాడు దాటితే వాడి వెనక జంపక్క ఆవు దాటుతుంది. సాయంత్రానికి గడ్డలు భుజం దాకా పాకాయి. పసుపు ఇక సరిపోదు.

శనివారం దేవ్లా పండుగ సామాను కోసం, మేక బేరం కోసం భద్రాచలం బస్సెక్కాడు. బస్సు మలుపు తిరిగిందాకా చూసి, లాలి దొడ్డి తడిక గట్టిగా కట్టి, ముళ్ళకంప అడ్డం పెట్టింది. ధోళ్యా కదిలితే మంద కదులుతుంది, అది కుదరదు. ఒక టార్పాలిన్, గిన్నె, నాలుగు పూటల బియ్యం మూట కట్టుకుంది. అప్పుడు ధోళ్యాను బయటికి పిలిచింది. ముక్కుతాడు లేని ఎద్దును లాక్కుపోలేం, పిలవాలి, వస్తే రావాలి. వాడు మెల్లగా, కుంటుతూ వచ్చాడు. దొడ్లో మంద అరుపు అందుకుంది. నాలుగడుగులు వేసి వాడు ఆగి వెనక్కి చూశాడు. తనతో రావాల్సినవి ఎందుకు రావడం లేదో వాడికి తెలియలేదు. లాలికి దుఃఖం ఆగలేదు. వాడి మెడ పట్టుకుని ఏడ్చింది, ఏడుస్తూనే నడిచింది.

తండాకు పడమర వాగు ఉంది. మొదటి వానలకు ఎర్రనీరు తొడల దాకా పారుతోంది. గట్టున నిలబడి లాలి మనసులో ఒక మాట అనుకుంది. నేను నీళ్ళలో దిగుతాను, వాడు దిగితే అమ్మ ఇష్టం, దిగకపోతే వెనక్కి తిరుగుతాను అని. ధోళ్యా వంగి నీళ్ళు తాగాడు. చాలాసేపు తాగాడు. తర్వాత తల ఎత్తి, ఆమెకన్నా ముందే వాగులోకి అడుగు పెట్టాడు.

అవతలి గట్టున మోదుగు చెట్ల మధ్య ఆమె టార్పాలిన్ కట్టింది. వేపాకు పొగ వేసింది, ఈగలు ముసరకుండా. అక్కడ ఫోన్‌కు సిగ్నల్ రాదు. మనుషులు రారు. ఈ ఏకాంతం లాలికి కొత్త కాదు. ఇదే వాగుకు ఎగువన వాళ్ళ పుట్టింటి తండా. చిన్నతనంలో ఆమెకు అమ్మవారు పోసినప్పుడు దాది, అంటే నాయనమ్మ, ఆమెను భుజాన వేసుకుని ఇలాగే వాగు దాటింది. దాది మొహాన కూడా పాత మచ్చలుండేవి, ఒకసారి పోసినవాళ్ళకు మళ్ళీ పోయదని ఆమే తోడు వెళ్ళింది. తండావాళ్ళు అంబలి కుండ తెచ్చి వాగు నడిమి బండ మీద పెట్టి, వెనక్కి చూడకుండా పోయేవాళ్ళు. అక్కడ దాది పాడిన పాట గుర్తు లేదు గాని ఆమె అన్న మాట గుర్తుంది. అమ్మకు సందడి గిట్టదే, ఒక్క మనిషి తోడుంటే చాలు, కోపం దిగి పోతుంది అని. అమ్మ దిగి పోయింది. మచ్చలు మిగిలాయి. ఆ మచ్చల మొహాన్ని చూసే దేవ్లా తండ్రి కోడలిగా ఒప్పుకున్నాడు. అమ్మ ముద్ర పడ్డ పిల్ల, నా మంద చల్లగుంటది అన్నాడట. మచ్చలు చూసి ముచ్చటపడ్డ మామ లోకంలో ఆయనొక్కడే అయి ఉంటాడు.

పొద్దు వాలేవేళకు దేవ్లా వచ్చాడు. తండా వైపు గట్టున నిలబడ్డాడు. చంకలో పండుగ సంచి ఇంకా అలాగే ఉంది.

“లాలీ, తోల్కరా వాణ్ణి.”

“తోల్కరాను.”

“ఏమైంది వానికి?”

“దూడకైందే అయింది.”

దేవ్లా చుట్టూ చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. ఆ చూపుకు లాలికి ఒళ్ళు మండింది. ఎద్దు ఎట్లా ఉందో చూడాల్సినవాడు చుట్టూ చూస్తాడా.

“అయితే అమ్మ వచ్చినట్టే గదా వాని మీదికి” అన్నాడు దేవ్లా గొంతు తగ్గించి. “మంచిదే. పండుగనాడు అమ్మనే ముంగట నడిచినట్టైతది. పసుపు కుంకుమ పెట్టి దాటిద్దాం.”

“నా మొకం జూడు.”

“ఎన్నేండ్ల సంది జూస్తలేను?”

“చూసినవ్ గని ఒక్కనాడన్న అడిగినవా, ఈ మచ్చలు పడ్డప్పుడు నేనేడున్ననో? గిట్లనే వాగు అవతలున్న. మా దాది నన్నెత్కొని దాటింది. అమ్మ నా మీదున్నదని నన్ను పండుగ నడుమ కూసోబెట్టలేదు లాలు అయ్యా. పది ఇండ్లు తిప్పలేదు. అమ్మొచ్చినకాడ అందరు దూరం జరిగి మొక్కిన్రు. ఇప్పుడు గొడ్డుకొస్తే గట్ల ఎందుకు చెయ్యవు?”

దేవ్లా సంచిని ఈ చంకలోంచి ఆ చంకకు మార్చుకున్నాడు. 

“ధోళ్యా లేకుంట దాటుడేంది అంటరు. నేను నాయక్‌ను. ఏం చెప్పాలె?” అన్నాడు చివరికి.

“ఉన్నదే చెప్పు.”

“దూడ సంగతా?”

“అవ్.”

“మా అయ్య పేరు వోతది.”

“చెప్పకుంటే జంపక్క ఆవు వోతది” అంది లాలి.

దేవ్లా సంచి కింద పెట్టి, మళ్ళీ తీసుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. సరే అనలేదు, కాదనీ అనలేదు. ఇంతకాలం కాపురం చేసిన మనిషి ఏం చేస్తాడో లాలి చెప్పలేకపోయింది. ధోళ్యా లేకపోతే మరో కోడెను ముందు పెట్టి దాటించగలడు. దొడ్లో ఉన్నవాటిలో ఎన్నిటికి ఆ రోగం లోపల ఉందో ఎవరికి తెలుసు?

ఆదివారం భవాని వచ్చింది. ఎట్లా తెలిసిందో, ఎవరు చెప్పారో లాలి అడగలేదు. వాగు నడిమి బండ దాకా దిగి, మందు బిళ్ళలు, పూత మందు అక్కడ పెట్టి వెనక్కి జరిగింది.

“నేనటు రాను కాకీ, ఇంక వేరే గొడ్ల దగ్గరికి పోయేదున్నది. బిళ్ళలు బెల్లంల కలిపి పెట్టు. నువ్ గుడ మంద దగ్గరికి రావద్దు.”

“ఎప్పటిదాక?”

“డాక్టర్ చెప్పిందాక.”

“మా దాదికి అమ్మ పోయిందాక అన్నరు. రెండు ఒక్కటే” అంది లాలి. భవాని నవ్వబోయి ఊరుకుంది.

“మందకు టీకా ఏసినవా?”

“కాకా తడిక తీయలే. అరుగు మీద కూసున్నడు. మాట్లాడుత లేడు. లాలు అన్నకు ఫోన్ జేసిన, వస్తా అన్నడు.”

లాలి బిళ్ళలు దంచి బెల్లంలో పెట్టింది. వేపపొగ కూడా వేసింది. ఏది అమ్మకు ఇష్టమో, ఏది రోగానికి కష్టమో తేల్చేంత తీరిక ఆమెకు లేదు. ధోళ్యా బెల్లం నాలుగుసార్లు నాకి వదిలేశాడు. సోమవారం ఒకటే వాన. వాగు నిండుగా పొంగింది, బండ మునిగిపోయింది. అటువాళ్ళు ఇటు రాలేరు, ఇటువాళ్ళు అటు పోలేరు. ధోళ్యా కాళ్ళు వాచి కింద పడుకున్నాడు. గడ్డలు కొన్ని పగిలాయి. లాలి టార్పాలిన్ విప్పి వాడి మీద కప్పి, తను తడుస్తూ కూర్చుంది. కొడుక్కు జ్వరం వస్తే కూర్చున్నట్టే కూర్చుంది. రేపు ఏమవుతుందోనన్న భయం కన్నా, ఏమైనా తనకు తెలియదేమోనన్న భయం ఎక్కువగా ఉంది.

మంగళవారం వాన తెరిపిచ్చింది. ఎండ ఎక్కేసరికి తండా వైపు నుంచి నగారా వినిపించింది. పండుగ మొదలైంది.

కాసేపటికి గంటలు.

ముందు ఉత్తరం నుంచి, చిన్న గంటలు, కింది తండావాళ్ళవి. తర్వాత రోడ్డు వైపు నుంచి ఆటోల మోత, అది ఆగగానే మరికొన్ని గంటలు. లాలి లేచి నిలబడింది. వాగు గట్టుకు వచ్చింది. వేపచెట్టు ఇక్కడికి కనబడదు, చప్పుడు మాత్రం చేతికి అందేంత దగ్గరగా ఉంది. గంటలన్నీ ఒకచోటికి చేరుతున్నాయి. వాటి వెనక, డబ్బా కొట్టినట్టు, పగిలిన గంట. జంపక్క ఆవు. లాలి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. అయిపోయింది అనుకుంది. అరవాలనుకుంది, అరిస్తే ఆ నగారా మోతలో ఎవరు వింటారు?

వెనక అలికిడి అయింది. గంటలు విని ధోళ్యా చెవులు నిక్కబెట్టాడు. ముందు కాళ్ళు మడిచి, మోకాళ్ళ మీద లేచి, వణుకుతూ నాలుగు కాళ్ళ మీద నిలబడ్డాడు. పండుగ గంటలు మోగితే ముందు నడవాల్సింది వాడే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వాడికి తెలిసిన పని అదొక్కటే. ఒక అడుగు వేశాడు. రెండో అడుగు వేయబోయాడు.

“వద్దు నాయనా. నీ పని అయిపోయింది. పండుకో” అని లాలి పరుగెత్తి వాడి మెడకు భుజం ఆనించింది. ఆమె భుజం వాడిని ఎక్కడ ఆపుతుంది? కాళ్ళు మడతపడి కూలి, పక్కనే కూలబడ్డ ఆమె ఒళ్ళోకి తల వాల్చాడు.

అప్పుడు నగారా ఆగింది. గంటలు కూడా ఆగాయి. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. మేక అరుపు లేదు, ఆడవాళ్ళ పాట లేదు. ఒక్క మగగొంతు ఏదో చెబుతున్నట్టు వినిపించింది, మాటలు తెలియలేదు. ఆ గొంతు మధ్యలో ఆగింది, మళ్ళీ మొదలైంది. తర్వాత ఎవరో గట్టిగా తిట్టారు. ఇంకెవరో సర్దారు. మళ్ళీ నిశ్శబ్దం.

తర్వాత గంటలు కదిలాయి.

లాలి చెవి ఒగ్గి విన్నది. దగ్గరికి వస్తున్నాయా, దూరం పోతున్నాయా? మొదట తేలలేదు. అప్పుడు ఆటో స్టార్టయిన మోత, రోడ్డు వైపు. ఉత్తరపు గంటలు ఉత్తరానికి పోయాయి. ఒకదాని మీద ఒకటి పడుతూ కాదు, విడివిడిగా, వచ్చిన దారినే. అన్నిటికన్నా చివర, అడుగడుక్కీ ఆగుతూ, ఆ పగిలిన గంట గూడెం వైపు తిరిగింది. అది వినబడినంత సేపూ లాలి వింటూనే ఉంది. వినబడడం ఆగిపోయాక ఒళ్ళోకి చూసింది. ధోళ్యా కళ్ళు తెరిచే ఉన్నాయి, ఊపిరి లేదు. ఎప్పుడు పోయాడో, గంటలు ఎంత దూరం పోయాక పోయాడో ఆమెకు తెలియలేదు. సంతోషమో దుఃఖమో తెలియని ఏడుపు ఏడ్చింది. రెండూ ఒకేసారి వచ్చినప్పుడు మనిషి చేయగలిగింది అంతే.

మధ్యాహ్నానికి వాగు కొంచెం తగ్గింది. దేవ్లా గునపం, పార పట్టుకుని తండా వైపు గట్టుకు వచ్చాడు. నెత్తిన పాగా లేదు. పెళ్ళినాటి నుంచి బయట ఆయన వట్టి నెత్తి చూడలేదు లాలి. ఆ నెరిసిన జుట్టు చూసి ఆమెకు వేరే మనిషిని చూసినట్టయింది.

“పాగా ఏది?”

“దారికి అడ్డం పరిచిన.”

“పేగు పరిచేకాడనా?”

“అవ్. నాయక్ పాగా తొక్కి దాటుడు ఎవలకు చేతనైతది? అందరు ఆగిన్రు. ఆగినంక చెప్పిన.”

“దూడ సంగతి?”

“దూలయ్య వద్దన్నది, నేను తెచ్చింది, పాతింది. అన్ని చెప్పిన. కొందరు తిట్టిన్రు.” పారను గట్టు మట్టిలో గుచ్చాడు. “జంపక్క ఏమనలే. ఆవును మలుపుకొని పోయింది.”

లాలి ధోళ్యా మెడలోంచి విప్పిన గంటను ఎత్తి చూపించింది. దేవ్లా దాన్ని చూశాడు. చాలాసేపటి దాకా ఆ గంట మీది నుంచి చూపు తిప్పలేదు.

“మంద దగ్గర లాలు ఉన్నడు. భవాని టీకాలు ఏస్తుంది. రెంటికి జ్వరమున్నది, వాటిని వేరే కట్టేసినం” అన్నాడు. “నేనిటు రావొచ్చు గదా ఇగ?”

“వస్తే మళ్ళ డాక్టర్ చెప్పిందాక పోవద్దు.”

“పోను.”

గునపం, పార భుజాన వేసుకుని, వట్టి నెత్తితో, దేవ్లా వాగులోకి దిగాడు. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. నడిమి బండ దగ్గర కాలు జారి, నిలదొక్కుకున్నాడు. ఆ ఏడు దాటుడు పండుగకు దాటింది ఆయన ఒక్కడే.

ఈ గట్టుకు వచ్చి, నీళ్ళోడుతూ, ధోళ్యా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. వాచిన ఆ కాళ్ళ మీద నుదురు ఆనించాడు. మూడు రోజులుగా దాచుకున్న తిట్లు లాలికి ఎన్నో ఉన్నాయి. ఆ నెరిసిన నెత్తిని చూస్తూ ఒక్కటీ తిట్టలేదు. మందవైపు తల ఉండేలా గుంతకు గీత గీసి, గునపం అందుకుంది.